కాచని సిరప్ మాహాత్మ్యం

పండును పండులాగే కోసుకుని తినేవాడు అనాగరికుడు!

ఆవేశంలో అంటున్న మాట కాదిది. నాలుగు నెలల పరిశీలన, లెక్కకు అందని అనాసపండ్లు, వడపోతకు బలైన రెండు దిండు గలేబులు, ఒక వంటగది, కొంత దాంపత్య సౌఖ్యం ధారపోసి తేల్చుకున్న సత్యం. కోతికి పండు దొరికితే ఏం చేస్తుంది? తింటుంది. మనిషికి దొరికితే? తూకం వేస్తాడు. ముక్కలు చేసి పంచదారలో పాతిపెడతాడు. నాలుగు రోజులు కాపలా కాస్తాడు. పిండి, వడపోసి, సీసాకెత్తి, సీసా మెడకు దారంతో చీటీ కట్టి, కిటికీ వెలుతురులో నిలబెట్టి ఫొటో తీస్తాడు. అప్పటికి తాగాలన్న కోరిక కాస్తా చచ్చిపోయి ఉంటుంది కనుక అతణ్ణి జితేంద్రియుడని కూడా పిలవవచ్చు. కోతికీ మనిషికీ మధ్య ఉన్న దూరాన్ని శాస్త్రజ్ఞులు ఎముకల్లో వెతుకుతున్నారు. పాపం, ఒక్కరికైనా సీసాల్లో వెతకాలని తోచదు!

బజారులో సిరప్ దొరకదా అని అడిగే అల్పజ్ఞులు ఉంటారు. దొరుకుతుంది. మూత తిప్పి వంచితే గ్లాసులోకి వచ్చేస్తుంది కూడా. శ్రమ లేకుండా వచ్చే తీపికి గౌరవమెక్కడిది? ఇరుగుపొరుగుకు చెప్పుకోవడానికి అందులో ఏముంది? "కొన్నాను" అన్న మాటతో సంభాషణ ముగిసిపోతుంది. "ఇంట్లో చేశాం" అని చూడండి, గంటన్నర వరకూ అతిథి లేవలేడు!

మా ఇంట ఈ మహోద్యమానికి మూలపురుషుడు మా బావమరిది. నా భార్యకు ఒక్కగానొక్క తమ్ముడు. రెండు వారాలుండి వెళతానని వచ్చాడు, నాలుగు నెలలైంది. ఉద్యోగం ఇంట్లోంచే చేస్తాడు, అంటే మా ఇంట్లోంచి. నేనతనికి ఆచార్యుడని బిరుదిచ్చాను. ఒక పని చేసి, ఆనక దాని గురించి మాట్లాడేవాళ్ళు లోకంలో కోకొల్లలు. చేయకముందే బోధించగలవాడు వెయ్యికొకడు. వీడియోలు రెట్టింపు వేగంతో చూస్తాడు కనుక ఇతరులు రెండు రోజుల్లో సంపాదించే జ్ఞానం అతనికి ఒక్క రోజులో వచ్చేస్తుంది. అంత వేగంతో వచ్చిన జ్ఞానానికి సహజంగానే ఆగడం తెలియదు.

ఆచార్యుడి సిద్ధాంతం ఒక్క వాక్యంలో ఇమిడిపోతుంది: పండ్ల రసాన్ని పొయ్యి మీద పెట్టడం హత్య.

"వేడి తగిలిందంటే ఎంజైమ్స్ చచ్చిపోతాయి బావా! పంచదారే మెల్లగా రసం లాగాలి. అంతా నేచురల్. కాచిన సిరప్ తాగడమంటే శవాన్ని తాగినట్టే!"

"శవాన్ని ఎవరూ తాగర్రా," అన్నది నా భార్య, అప్పటికి తొమ్మిదో అనాసపండు కన్నులు తీస్తూ. "దాని పక్కన కూచుని ఏడుస్తారు. నాకిప్పుడు అదే అనిపిస్తోంది."

"అక్కా, నువ్వు మరీ పాతకాలం."

"అవును నాయనా. అందుకే తొక్క తీస్తున్నా. కొత్తకాలం వాళ్ళకి ముక్కలు చెట్టుకే కాస్తాయిగా!"

నా భార్య పెళ్ళికి ముందు ఒక బేకరీలో ఆరేళ్ళు పనిచేసిన మాట నిజం. కేకులు, పుడ్డింగులు, జెల్లీలు ఆమె చేతి కింద వేలకొద్దీ లేచి నిలబడ్డాయన్నదీ నిజమే. అయినా విజ్ఞులైన పాఠకులు నాతో ఏకీభవించక తప్పదు: అది కేవలం అనుభవం! అనుభవానికి ఫుట్‌నోట్లు ఉండవు. "ఎందుకు?" అని అడిగితే, "అలా చేస్తే పాడవుతుంది" అంటుంది అనుభవం. ఇదా సమాధానం? ఆచార్యుణ్ణి అడగండి. ముప్పావుగంట చెబుతాడు. ముప్పావుగంట చెప్పగలిగిన విషయం అబద్ధమెలా అవుతుంది? చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు గాని, మా ఇంట్లో అలాంటి తేడాలు లేవు. చెప్పేవాళ్ళం ఇద్దరం. వినేది ఒక్కరే.

పని విభజన కూడా శాస్త్రీయంగానే ఉండేది. ఆచార్యుడు సిద్ధాంతమూ కెమెరా చూసుకునేవాడు. నేను చరిత్రా, భాషా చూసుకునేవాణ్ణి. సీసా మీది చీటీకి తగిన మాట కోసం నిఘంటువు తిరగేస్తూ ఒక ఆదివారమంతా గడిపి "సజీవ అనాసామృతం" అన్న పేరును వెలికితీశాను. తొక్క, కోత, పిండడం, వడపోత, గిన్నెలు, నేల తుడవడం వంటి మిగిలిన చిల్లర పనులు నా భార్యవి. అమృతం కోసం పాలసముద్రాన్ని చిలికినప్పుడు ఒక పక్క దేవతలూ మరొక పక్క రాక్షసులూ ఉన్నారట. మా ఇంట ఒక పక్క నేను, ఇంకో పక్క బావమరిది. కవ్వం ఎవరో, కవ్వానికి చుట్టిన తాడు ఎవరో వేరే చెప్పాలా?

పన్నెండు పండ్లకు మూడు సీసాలు వచ్చేవి. కొండను తవ్వి ఎలుకను పట్టారని ఎద్దేవా చేసేవాళ్ళకు ఒకటే జవాబు. తవ్విన ప్రతివాడూ ఎలుకను పట్టవచ్చు. దాన్ని సీసాలో పెట్టి చీటీ కట్టినవాళ్ళం మేమే!

ఇక ఈ సిరప్ వల్ల గృహస్థుకు కలిగే మేళ్ళు ఎన్నని చెప్పను? మా ఫ్రిజ్‌లోంచి పాలు, కూరగాయలు, మా ఆవిడ కంటి చుక్కల మందు శరణార్థుల్లా బయటికి నడిచాయి. దానితో ఏ రోజు కూరగాయలు ఆ రోజే వండుకునే ఆరోగ్యకరమైన అలవాటు పడింది. వంటగది నేల బంకగా తయారై, అడుగు తీసి అడుగు వేయడానికి ఆలోచన అవసరమైంది. నడకలో ఇంత ఏకాగ్రత సాధించాలంటే ఇతరులు కొండలెక్కి ధ్యానం చేయాలి! చీమల విషయం చెప్పనే అక్కరలేదు. అంత క్రమశిక్షణ గల జీవుల్ని రోజూ దగ్గరనుంచి చూసే భాగ్యం ఎందరికుంటుంది?

అతిథి మర్యాద కూడా ఉన్నత స్థాయికి చేరింది. కింది వాటాలో ఉండే దర్జీ ఒక సాయంత్రం నా ప్యాంటు ఇవ్వడానికి పైకి వచ్చాడు. ఆచార్యుడు అతణ్ణి కూర్చోబెట్టి, చేతిలో గ్లాసు పెట్టి, ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"తాగి చెప్పండి. ఏం తెలుస్తోంది?"

దర్జీ ఒక గుక్క తాగాడు. "తియ్యగా ఉంది సార్."

"ఇంకా? నాలిక చివర?"

"చల్లగా ఉంది."

"అది ఐస్. దాని వెనకాల? గొంతులో దిగాక ఏదో లేస్తోంది చూడండి."

దర్జీ భయంగా గొంతు తడుముకున్నాడు. "ఏం లేస్తుంది సార్? నాకు ఇంట్లో పిల్లలున్నారు."

ఆ ప్యాంటుకు అతను కుట్టుకూలి తీసుకోలేదు. మళ్ళీ పైకి రానూ లేదు. మా ఇంటికి వచ్చేవాళ్ళ సంఖ్య తగ్గడాన్ని కొందరు నష్టమనుకుంటారు. రాతకోతలు చేసుకునేవాడికి ఇంతకన్నా వరమేముంది?

ఒక మధ్యాహ్నం ఢామ్మని శబ్దం వినిపించింది. పరుగెత్తి చూద్దుము కదా, అలమరలోని ఒక సీసా తన మూతను తానే విసిరేసింది. ఆ మూత పోయి గోడ గడియారాన్ని కొట్టింది. గడియారం రెండుంపావు దగ్గర ప్రాణం విడిచింది. గోడంతా పసుపు నురగ!

"పులిసిందిరా," అన్నది నా భార్య చీపురు అందుకుంటూ. "కాచకుండా మూత బిగిస్తే పులవదా మరి?"

"అక్కా, అది బతికుందక్కా! అదే ప్రూఫ్!" అన్నాడు ఆచార్యుడు. అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

నేను అతని పక్షమే వహించాను. చచ్చిన సిరప్ ఏదైనా, చరిత్రలో ఎక్కడైనా, లేచి గడియారాన్ని కొట్టిందా?

ఇలా సత్యం మా ఇంట దినదిన ప్రవర్ధమానమవుతూ ఉండగా, పానకంలో పుడకలా ఒక ఆర్డరు వచ్చి పడింది.

మా వీధి చివర ఆరంతస్తుల కార్యాలయం ఒకటుంది. దాని క్యాంటీన్‌ను నడిపే మేనేజరమ్మ మాటల్లో పొదుపరి, చూపుల్లో దుబారా మనిషి. నా భార్య ఎవరికీ చెప్పకుండా ఒక రోజు ఆమె దగ్గరికి నాలుగు అనాస జెల్లీ కప్పులు పట్టుకెళ్ళిందట. రసాన్ని చక్కగా కాచి, చల్లార్చి, గట్టిపడేందుకు జెలటిన్ కలిపి చేసినవి. మేనేజరమ్మ ఒక కప్పును బోర్లించి చూసిందట. జెల్లీ ఊగింది గాని జారలేదట. ఆ గురువారం వాళ్ళ పెద్ద ఇంజనీరు పదవీ విరమణ సభ. నాలుగు గంటలకు నూట ఇరవై కప్పులు కావాలి. అవి బాగుంటే ఇక ప్రతి శుక్రవారం ఆర్డరు ఆమెదే. బాగాలేకపోతే ఇంకొకరున్నారు.

ఈ కబురు చెప్పేటప్పుడు నా భార్య గొంతు మామూలుగానే ఉంది. చేతులు మాత్రం ఊరికే ఉండలేకపోయాయి. తుడిచిన గిన్నెనే మళ్ళీ తుడిచింది.

"పదమూడేళ్ళయిందండీ, నా చేతి వంట బయటివాళ్ళు కావాలని అడిగి," అన్నది.

పదమూడేళ్ళని ఆమె లెక్క పెట్టుకుంటోందని నాకు తెలియదు. పండితులకు ఇటువంటి చిన్న అంకెలు గుర్తుండవు.

బుధవారం మధ్యాహ్నానికి ఆమె రసం కాచి, చల్లార్చి, రెండు స్టీలు క్యాన్లలో పోసి మూతలు పెట్టింది. కప్పుల మూతలు కొనడానికి బజారుకు వెళ్ళింది. ఆమె మెట్లు దిగిన చప్పుడు ఆగీ ఆగకముందే ఆచార్యుడు క్యాను తెరిచి, వేలు ముంచి, నాలిక మీద రాసుకుని, బల్ల మీద కూలబడ్డాడు.

"అక్క చంపేసింది బావా. రెండు క్యాన్లూ చంపేసింది."

"అంత ఖాయంగా ఎలా చెబుతావు?"

"నూట ఇరవై మంది తాగుతారు బావా... తింటారు. మన సిరప్ బయటి ప్రపంచం ముందుకెళ్ళే ఫస్ట్ చాన్స్! ఆ చాన్సులో శవాన్ని పంపిస్తామా? అక్కకే మంచిపేరు వస్తుంది బావా. తర్వాత చెబుదాం. సర్‌ప్రైజ్!"

పాఠకులారా, న్యాయం చెప్పండి. ఒక స్త్రీకి ఆమెకు తెలియకుండా మంచిపేరు తెచ్చిపెట్టడం కన్నా నిస్వార్థమైన సేవ ఏముంటుంది? కాచిన రసం సింకులోకి పోయింది. నాలుగు రోజులుగా పంచదారలో ఊరి, వడపోతకు నోచుకున్న సజీవ అనాసామృతం క్యాన్లలోకి దిగింది. గరాటు నేనే పట్టుకున్నాను. నాలుగు నెలల ఉద్యమంలో నా చేతులతో నేను చేసిన మొదటి పని అదేనని ఇప్పుడు రాస్తుంటే తోస్తోంది.

గురువారం ఉదయం ఏడు గంటలకే నా భార్య క్యాంటీన్‌కు వెళ్ళిపోయింది. కప్పులు కడిగి, తుడిచి, వరసలు పేర్చాలట. మేమిద్దరం క్యాన్లు మోసుకుని ఎనిమిదింటికి చేరాము. జెల్లీ కలిపేది తానే కలుపుతానని, అది వీడియోకు ముఖ్యమని ఆచార్యుడు పట్టుబట్టాడు. వేడినీళ్ళలో జెలటిన్ ఎలా కరిగించాలో, ఎంత పోయాలో ఆమె రెండు మాటల్లో చెప్పి అవతలి గదిలోకి వెళ్ళింది. అతను కవ్వంలాంటి దానితో గిలకొట్టి, జగ్గుల్లో నింపి, ఆమె ముందు పెట్టాడు.

ఆమె మొదటి జగ్గు ఎత్తి ఆగింది.

"ఏంట్రా ఇంత నురగ?"

"గిలకొట్టాగా అక్కా."

"రంగేంటి, ఇంత లేతగా ఉంది?"

"ఇక్కడి ట్యూబ్‌లైట్లు అక్కా. వీడియోలో కూడా అలాగే పడుతోంది."

ఆమె నా వైపు చూసింది. నేను మౌనం వహించాను. విద్వాంసుడి మౌనానికి లోకంలో ఎన్నో అర్థాలున్నాయి. ఆమె అందులో నమ్మదగిన అర్థాన్ని ఏరుకున్నది. పోసింది. నూట ఇరవై కప్పులు శీతల గదిలోకి వెళ్ళాయి.

పన్నెండు గంటలకు మేనేజరమ్మ ఆ గది తలుపు తెరిచింది. ముందు ట్రేలోంచి ఒక కప్పు తీసింది. అలవాటు ప్రకారం బోర్లించింది.

అది ఆమె చెప్పుల మీద పడింది.

రెండో కప్పు వంచింది. అది కూడా సజీవంగానే పారింది. మూడోది ఎవరూ ముట్టుకోలేదు. ట్రేను కొంచెం కదిపితే నూట ఇరవై కప్పుల్లోనూ నూట ఇరవై చిన్న చెరువులు అలలు కట్టాయి.

ఇటువంటి సమయాల్లోనే వాక్కు అవసరమవుతుంది! నేను గొంతు సవరించుకుని ముందుకు వచ్చాను. ఘనపదార్థమే తీపి వంటకమన్నది ఒక కాలం చెల్లిన భ్రమ అనీ, మానవుడు చెంచా బానిసత్వం నుంచి బయటపడి భోజనానంతర మాధుర్యాన్ని నేరుగా తాగే యుగంలోకి అడుగుపెడుతున్నాడనీ, ఆ యుగారంభానికి ఈ క్యాంటీన్ వేదిక కావడం...

"ఈయనెవరు?" అన్నది మేనేజరమ్మ.

"మా ఆయనండీ," అన్నది నా భార్య.

"కాసేపు ఆగమనండి."

ఆగాను.

"అమ్మా, మీరు పోయిన వారం తెచ్చినవి నిలబడ్డాయిగా?"

"అవి కాచి చేశానండీ. పచ్చి పైనాపిల్ రసంలో జెలటిన్ నిలవదు. అందులో ఉన్నదేదో దాన్ని కరిగించేస్తుంది. కాస్తే ఆ గుణం పోతుంది."

"అంత తెలిసీ ఇవి కాచకుండా ఎందుకు చేశారు?"

నా భార్య మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. ఆచార్యుడు కెమెరా ఆపేసి, బూట్లలోకి చూసుకుంటున్నాడు. సింకు, గరాటు, సర్‌ప్రైజ్, అన్నీ ఆమెకు ఆ బూట్ల దగ్గరే దొరికినట్టున్నాయి.

"కాచానండీ," అన్నది. "కాచినదాన్ని పారబోయడానికి మా ఇంట్లో చదువుకున్నవాళ్ళు ఇద్దరున్నారు."

ఎంజైములు బతికుండాలన్న ఆచార్యుడి కోరిక అక్షరాలా నెరవేరింది. అవి బతికే ఉన్నాయి, ఆకలితో ఉన్నాయి, జెలటిన్‌ను సుష్ఠుగా భోంచేశాయి. ఆహారం మీద ఎంత ప్రేమ ఉన్నా, ఆహారానికే ఆకలి వేస్తే ఏం చేయాలో ఏ వీడియోలోనూ చెప్పలేదట!

మేనేజరమ్మ తన ఫోను తీసింది. ఇంకొకరి నంబరు వెతుకుతోందని చూసినవాళ్ళందరికీ తెలుసు.

"నాలుగింటికి కదండీ సభ?" అన్నది నా భార్య.

"అవును."

"పెద్ద పొయ్యి ఖాళీగా ఉందా?"

మేనేజరమ్మ వేలు ఆగింది. "ఉంది."

"పెద్ద డబరా ఒకటి, గరిటె, ఇద్దరు మనుషులు కావాలి. జెలటిన్ నా దగ్గర ఉంది. ఎప్పుడూ రెట్టింపు తెచ్చుకుంటా, బేకరీ అలవాటు." తర్వాత మా వైపు తిరగకుండానే అన్నది: "మీరిద్దరూ బయట కూచోండి."

"అక్కా, నేను కలపనా..."

"బయట."

వరండాలో ఒక బల్ల ఉంది. దాని మీద ఇద్దరు చదువుకున్నవాళ్ళు కూర్చున్నారు. తలుపుకు చిన్న అద్దం ఉంది. అందులోంచి నేను చూశాను. వంద కప్పులకు పైగా ద్రవం తిరిగి డబరాలోకి వెళ్ళింది. మంట పెద్దదైంది. నురగ లేస్తే గరిటెతో తీసి పక్కన వేస్తోంది. క్యాంటీన్ వంటవాళ్ళిద్దరికీ ఆమె రెండేసి మాటలు చెబుతోంది, వాళ్ళు కదులుతున్నారు. మూడో మాట అవసరం రావడం లేదు. ఒకడు ఏదో అడిగాడు. ఆమె చెప్పింది. అతను తలూపాడు! ఎదురు వాదించలేదు, ముప్పావుగంట పట్టలేదు. ఆమె చెప్పినట్టు చేశాడు, అంతే. ఇటువంటి దృశ్యాన్ని నేను నా ఇంట్లో పదమూడేళ్ళలో చూడలేదు కనుక మొదట నాకు అర్థం కాలేదు.

డబరాను ఐస్ నీళ్ళ తొట్టిలో నిలబెట్టి చల్లార్చారు. జెలటిన్ మళ్ళీ పడింది. ఒంటిగంట దాటాక కప్పులు తిరిగి శీతల గదిలోకి వెళ్ళాయి. ఆ తర్వాత ఆమె చేసింది చూడండి: ఏమీ చేయలేదు. కుర్చీ లాక్కుని ఆ తలుపు ఎదుట కూర్చున్నది. చేతులు ఒళ్ళో పెట్టుకుంది. రెండు గంటలపాటు ఆ చేతులు కదలలేదు. వరండాలో ఆచార్యుడు వివరాలు మొదలుపెట్టబోయాడు.

"బావా, నిజానికి ఇదేంటంటే..."

"నోరు మూసుకోరా," అన్నాను. ఒక వాదాన్ని ఫుట్‌నోటు లేకుండా ముగించడం నాకదే మొదటిసారి.

మూడున్నరకు మేనేజరమ్మ వచ్చింది. తలుపు తెరిచి ఒక కప్పు తీసింది. చెప్పులు వెనక్కి జరుపుకుంది. బోర్లించింది.

జెల్లీ ఊగింది. జారలేదు.

నాలుగింటికి సభ జరిగింది. పెద్ద ఇంజనీరు తన గురించి తొమ్మిది మంది చెప్పిన పొగడ్తలు కదలకుండా విన్నాడట. కప్పు రెండోది అడిగాడట. శుక్రవారాల ఆర్డరు నా భార్యదైంది. మేనేజరమ్మ ఒక్క షరతు పెట్టింది: ఇక నుంచి తయారీ అంతా క్యాంటీన్ వంటగదిలోనే. మా ఇంటి వంటగది పేరు మారుమోగిపోయిందన్న మాట!

కనుక పాఠకులారా, మొదట చెప్పిన మాట మీదే నిలబడుతున్నాను. ఇంట్లో తయారుచేసిన సిరప్ ఒక వరం. అదే లేకపోతే నా భార్య ఇంకా ఆ బంక నేల మీద మా ఇద్దరి మధ్యా నిలబడి వింటూ ఉండేది. ఆ సిరప్ ఆమెను మా నుంచి విడిపించింది. ఇంతకన్నా ఔషధ గుణం ఏ రసాయనానికి ఉంది?

నా ఫిర్యాదు వేరే. అదేమిటో సభాముఖంగా మనవి చేసుకుంటాను.

శుక్రవారం కప్పులకు గురువారం అరవై పండ్ల తొక్క తీయాలి. క్యాంటీన్‌లో మనుషులు చాలరట. మా ఇంట్లో ఇద్దరు ఖాళీగా ఉన్నారని నా భార్య మేనేజరమ్మకు చెప్పింది. ఎంత అన్యాయం! అడగలేదు, సంప్రదించలేదు, చెప్పింది. ఇప్పుడు ప్రతి గురువారం మధ్యాహ్నం ఆచార్యుడూ నేనూ తలకు వలటోపీలు పెట్టుకుని, చేతికి రబ్బరు తొడుగులు వేసుకుని, ఎదురెదురుగా కూర్చుంటాము. ఆమె తెల్ల ఏప్రన్‌లో వచ్చి, నేను తీసిన పండును వెలుతురుకు ఎత్తి చూస్తుంది. "కన్నులు ఉండిపోయాయి. మళ్ళీ తీయండి" అంటుంది. తమ్ముడి పండు చూస్తుంది. ఏమీ అనదు. మళ్ళీ అతని ముందే పెడుతుంది.

పోయిన గురువారం నాకొక ఆలోచన వచ్చింది. అనాస కన్నులు పండు చుట్టూ ఏటవాలు వరసల్లో ఉంటాయి. వాటిని వరస ప్రకారం గాడి తీస్తే వృథా తగ్గుతుంది. ఈ పరిశీలనకు గణితంలో గొప్ప నేపథ్యం ఉంది. కత్తి బల్ల మీద పెట్టి, ఆమెను పిలిచాను.

"ఏమోయ్, ఒక్క మాట. ఈ అనాస కన్నుల అమరిక ఉందే, దీని వెనక శాస్త్రం ప్రకారం..."

ఆమె తల ఎత్తలేదు. పక్క బల్ల మీది పండు తొక్క ఒకే గాడిగా, ఏటవాలుగా, ఆమె చేతిలోంచి జారుతోంది.

"చెప్పండి, వింటా. చెయ్యి ఆపకుండా చెప్పండి."

కత్తి తీసుకున్నాను. పండు తిప్పాను. మొదటి కన్ను తీశాను, రెండోది తీశాను, మూడోది వంకర పోయింది. నోరు తెరిచాను.

అరవై పండ్లూ అయిపోయాయి. ఒక్క వాక్యమూ పూర్తి కాలేదు.